కన్యాశుల్కంలో తిట్లు తీసేయవచ్చునా?

లీక్స్‌లిప్‌లో మనవాళ్ళం కొందరం కలిసి కన్యాశుల్కం చదవడం మొదలుపెట్టిన సంగతి ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి తెలుసు. రంగస్థలం లేదు, వేషాలు లేవు. నెలకొక ఆదివారం మధ్యాహ్నం ఒక గది అద్దెకు తీసుకుని, కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఎవరి పాత్ర వారు పుస్తకం చూసి చదవడమే. ఇంటెల్‌లో పనిచేసేవారు నలుగురు, డాక్టర్లం ఇద్దరం, ఒక ఫార్మసిస్టు, ఇంటిపట్టున ఉండి పిల్లల్ని చూసుకునే తల్లులు ఇద్దరు. పిల్లలు గది చివర రంగుపెన్సిళ్ళతో కూచుంటారు. వాళ్ళు వినడం లేదని మనం అనుకుంటాం.

రెండో ఆదివారం పేచీ వచ్చింది. మాలో పెద్దవారు, అందరం అన్నయ్యగారూ అని పిలిచే ఆయన, ఒక జాబితా రాసుకుని వచ్చారు. నాటకంలో మార్చవలసిన మాటల జాబితా. ‘వెధవ’ తిట్టుగా వచ్చిన చోట ‘అల్లరివాడు’ అనాలి. మనిషిని చెప్పిన చోట ‘వితంతువు’ అనాలి. ‘ముండ’ ఎక్కడ ఉన్నా తీసెయ్యాలి. ‘సాని’ బదులు ‘కళాకారిణి’. ఇట్లా ఒకటిన్నర పేజీ ఉంది. ఆయన వాదన తేలిగ్గా కొట్టివేయదగ్గది కాదు. మన పిల్లలకు వారానికి అందేది గంటో రెండు గంటలో తెలుగు. ఆ కాస్తలోనూ ఈ తెలుగే పెట్టాలా? పైగా ఇవి ఇవాళ ఎవరినీ అనకూడని మాటలు. వాడుకలోంచి పోవలసిన మాటలను మనమే పిల్లల నోట పెట్టడం ఏం సంస్కారం?

ఆ రోజు నాకు జవాబు తోచలేదు. గురజాడవారు రాసింది రాసినట్టు చదవాలి అని మాత్రం అన్నాను. అది భక్తి మాటే గాని జవాబు కాదు. తరవాత రెండు మూడు వారాలు ఆలోచించి తేల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అన్నయ్యగారు కోపగించరనే ధైర్యంతో.

ఆలోచన మొదలుపెట్టించింది మా ఏడేళ్ళవాడు. ఆ సాయంత్రమే కారు ఎక్కుతూ జాకెట్ గదిలో మరిచిపోయి వచ్చాడు. “వెధవా, జాకెట్ ఏదిరా?” అన్నాను. వాడు వెనక సీట్లోంచి చాలా శాంతంగా, “అమ్మా, వెధవ అంటే మొగుడు చచ్చిపోయిన ఆవిడట కదా. నేనెట్లా అవుతాను?” అన్నాడు. అన్నయ్యగారి జాబితా మీద జరిగిన చర్చంతా వాడు విన్నాడన్నమాట. ఎంబీబీఎస్ చదివి, ఆ పైన ఈ దేశపు పరీక్షలన్నీ గట్టెక్కి వచ్చిన నా దగ్గర దీనికి సమాధానం లేదు.

వాడన్నది నిజం. సంస్కృతంలో విధవ. తెలుగు నోట పడి వెధవ. భర్త పోయిన స్త్రీకి చెప్పే మాట అది. జుట్టు తీయించిన తలను సంస్కృతంలో ముండమంటారు. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించిన రోజుల నుంచి ‘ముండ’ అనే తిట్టు మన నోళ్ళలో నిలిచిపోయింది. ఒక మనిషి నెత్తిన పడిన కష్టాన్ని తీసుకుని, పని సరిగ్గా చేయని ప్రతి కుర్రవాడికీ తిట్టుగా తగిలించాం. తిట్టేవాళ్ళకు ఆ స్త్రీ గుర్తుకు రాదు, తిట్టించుకునేవాడికీ రాదు. మన లీక్స్‌లిప్ పేరు చూడండి. వైకింగుల భాషలో సాల్మన్ చేప దూకే చోటు అని అర్థం. రైల్వేస్టేషన్ బోర్డు మీద ఐరిష్‌లో రాసిన పేరుకూ అదే అర్థం. 1940ల్లో లిఫీ నది మీద కరెంటు కోసం ఆనకట్ట కట్టినప్పుడు ఆ చేపలు దూకే జలపాతం నీళ్ళ కింద పడిపోయింది. పేరు మాత్రం ఉంది. రోజూ ఆ పేరు పలికే మనకు చేప తోచదు. వెధవ అనే మాట సంగతీ ఇంతే, కాకపోతే అక్కడ నీటి కింద ఉన్నది మనిషి.

గురజాడవారు ఏం చేశారో ఇప్పుడు చూడండి. ఆయన ఈ తిట్టును నాటకం నిండా వెదజల్లారు. గొప్పవాడు పనివాణ్ణి తిడతాడు, గురువు శిష్యుణ్ణి తిడతాడు, మొగుడు పెళ్ళాన్ని తిడతాడు. అదే నాటకంలో ముగ్గురు భర్తలు పోయిన స్త్రీలను మన ఎదుట నిలబెట్టారు. అగ్నిహోత్రావధాన్ల పెద్దకూతురు బుచ్చమ్మ. లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి. పట్నంలో అన్నం వండి అమ్ముకుని బతికే పూటకూళ్ళమ్మ. చెవిలో తిట్టు మోగుతూ ఉంటుంది, కంటి ముందు ఆ తిట్టుకు మూలమైన మనిషి తిరుగుతూ ఉంటుంది. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మను. మొదటి రూపం విజయనగరంలో 1892లో ఆడింది, 1897లో అచ్చయింది. ఆ పైన దాన్ని దాదాపు తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశారు. అంతకాలం మాట మాటనూ తూచినవాడు, తిట్టు ఎక్కడ పడుతున్నదో చూడకుండా రాశాడంటే ఎట్లా?

అన్నయ్యగారి జాబితా ప్రకారం తిట్టు వచ్చిన చోట ‘అల్లరివాడు’, మనిషి వచ్చిన చోట ‘వితంతువు’ అన్నామనుకోండి. రెండూ మర్యాదైన మాటలే. కాని వాటి మధ్య ఉన్న తీగ తెగిపోయింది. బుచ్చమ్మ మీద ఇక ఏ తిట్టూ పడదు, ఆమె ఒక దురదృష్టవంతురాలుగా మిగులుతుంది. ఊరంతా కలిసి ఆమెకు చేసినదేమిటో ప్రేక్షకుడికి వినపడదు.

మాటలు మార్చడం గురించి ఈ దేశంలోనే ఒక కథ ఉంది. ఇక్కడ ఏ నాటకాభిమానిని అడిగినా చెబుతారు. 1907 జనవరిలో డబ్లిన్ ఆబీ థియేటర్లో జె. ఎం. సింజ్ రాసిన ‘ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్’ ఆడారు. మేయో జిల్లాలో ఒక పల్లెకు ఒక కుర్రవాడు వచ్చి, తండ్రిని చంపి పారిపోయి వచ్చానంటాడు. ఊరు ఊరంతా వాణ్ణి నెత్తిన పెట్టుకుంటుంది, ఆడపిల్లలు వాడి కోసం ఎగబడతారు. మొదటి రెండంకాలు ప్రేక్షకులు బాగానే చూశారు. మూడో అంకంలో ఆడవాళ్ళ లోపలి చొక్కాకు చెప్పే ‘షిఫ్ట్’ అనే మాట వచ్చేసరికి గొడవ లేచింది. థియేటరు నడిపే లేడీ గ్రెగరీ, ఊళ్ళో లేని కవి యేట్స్‌కు, ఆ మాట దగ్గరే సభ చెదిరిందని తంతి కొట్టింది. ఆ వారమంతా పోలీసుల కాపలాతో నాటకం నడిచింది. తమాషా ఏమిటంటే, మొదటి రాత్రి నటుడు సింజ్ రాసిన మాటను కాస్త మార్చి ఎక్కడివో ఆడవాళ్ళు కాదు, మన మేయో అమ్మాయిలే అనేట్టు పలికాడని చెబుతారు. గొడవ దానివల్ల తగ్గలేదు సరికదా పెరిగింది.

తండ్రిని చంపడం దగ్గర లేవనివారు చొక్కా దగ్గర లేచారు. ఎందుకు లేచారో అందరికీ తెలిసిన విషయమే. అప్పటికి ఈ దేశం తెల్లదొరల పాలనలో ఉంది. ఐరిష్ ఆడది సచ్ఛీలానికి ప్రతిమ అని చెప్పుకోవడం జాతి గౌరవం. పల్లెటూరివాళ్ళ నోట ఆ మాట వేయడం పరువు తీయడమే. సింజ్ మాత్రం తాను పల్లెవాళ్ళ దగ్గర విన్న మాటలే రాశానని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆయన 1909లో, ముప్పై ఏడేళ్ళకే పోయాడు. మన కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చినదీ ఆ ఏడే. ఒకరి పేరు ఒకరు విన్న దాఖలా నాకు తెలియదు. ఇద్దరూ పట్టుకున్న సంగతి మాత్రం ఒకటే. మనుషులు నిజంగా మాట్లాడే మాటల్ని రంగం మీద పెడితే, పెద్దమనుషులకు అన్నిటికంటె ముందు నొప్పి పుట్టేది మాట దగ్గర. పని దగ్గర కాదు.

ఇక్కడికి వచ్చాక నాకొక అనుమానం వచ్చింది. కన్యాశుల్కంలో హాని చేసే మాటలు తిట్లేనా? మళ్ళీ మొదటినుంచి చదివాను. కాదు. తిట్లు పైకి కనపడేవి. హాని చేసేవి మర్యాదైన మాటలు. అన్నయ్యగారి జాబితాలో అవి ఒక్కటీ లేవు.

మొట్టమొదటిది పుస్తకం పేరే. శుల్కం అంటే రుసుము. ఇవాళ కూడా కాలేజీ దరఖాస్తు మీద ప్రవేశ శుల్కం అని రాస్తారు. కూతుర్ని ఇచ్చి తండ్రి డబ్బు తీసుకుంటే అది అమ్మకం. కాని అమ్మకం అన్నది ఎవరూ అనరు, శుల్కం అంటారు. రేవులో పడవ దాటించినందుకు పుచ్చుకున్నట్టు. 1897 ముందుమాటలో గురజాడవారు లెక్క చెప్పారు. మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన ఇట్లాటి పెళ్ళిళ్ళ పట్టీ రాయించారట. 1,034 తేలాయి. అందులో 99 మంది పిల్లలకు పెళ్ళినాటికి అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. పిల్లల డాక్టరుగా పనిచేసిన రోజుల్లో ఏడాది పిల్లకు నేను చూసేది బరువు, తల చుట్టుకొలత, టీకాలు. ఆ వయసు పిల్లకు ధర కట్టిన చేతులు శుల్కమనే మాట లేకపోతే అంత తేలిగ్గా ఆ పని చేసి ఉండేవి కావని నా నమ్మకం. వెల్చేరు నారాయణరావుగారు 2007లో ఈ నాటకాన్ని ఇంగ్లీషు చేసి, పేరును ‘ఆడపిల్లలు అమ్మకానికి’ అని అర్థం వచ్చేట్టు పెట్టారు. ఆ పేరు మోటుగా ఉందన్నవాళ్ళున్నారు. మోటుగా ఉండటమే దాని న్యాయం అని నేనంటాను.

అది పాత రోజుల సంగతి, మనకేమిటి అంటారా? నా పెళ్ళి సంగతి చెబుతాను. వరుడూ డాక్టరే, నేనూ డాక్టర్నే. సంబంధం మాట్లాడిన రోజున మా ఇంట్లో కట్నం అనే మాట ఒక్కసారి కూడా వినపడలేదు. 1961 నుంచి చట్టం వద్దంటున్న మాట, చదువుకున్నవాళ్ళ ఇంట్లో ఎవరంటారు? మా నాన్న విశాఖ శివారులో ఉన్న స్థలం నా పేర రాశారు. దాన్ని పసుపు కుంకుమ అన్నారు. ఆడపడుచు లాంఛనం అని ఒకటి ఇచ్చారు. ఇచ్చిపుచ్చుకోవడాలు అని ఇంకొకటి ఉంది, అందులో ఇచ్చుకోవడం మావైపు, పుచ్చుకోవడం అటువైపు. నేను హౌస్‌సర్జన్సీ చేస్తున్న పిల్లను, అన్నీ విన్నాను, నోరెత్తలేదు. కట్నం అని ఎవరైనా అని ఉంటే బహుశా ఎదురు తిరిగి ఉందును. పసుపు కుంకుమకు ఎవరు ఎదురు తిరుగుతారు? మా ఆయన ఈ పేరా చదివి, తీసెయ్యమనలేదు. ఆయన మంచితనం అది. ఆయన కూడా ఆ రోజు నోరెత్తలేదు.

ఇక నాటకంలో నీతి గురించి మాట్లాడే మాటలు చూడండి. తెలుగులో వింత ఏమిటంటే, ఇవన్నీ మగవాడికి ఒక అర్థం, ఆడదానికి ఒక అర్థం, ఉన్నవాడికి ఒకటి, లేనివాడికి ఒకటి. శీలం అంటే నిఘంటువులో నడవడి. వాడుకలో ఆడదాని శరీరం. అవినీతి అంటే నేడు ఆఫీసులో లంచం. సంసారి అంటే ఇల్లూవాకిలీ ఉన్న మనిషి, ‘సంసారి స్త్రీ’ అంటే సాని కానిది. ఆ సాని అనే మాట పుట్టుక స్వామినిలో ఉందంటారు. దొరసానిలో ఆ గౌరవం ఇంకా బతికే ఉంది. ముందర దొర ఉంటే గౌరవం, ఒంటరిగా ఉంటే బజారు. పెద్దమనిషి అంటే మగవాడి విషయంలో డబ్బు, పలుకుబడి, ఊళ్ళో తగువులు తీర్చే హోదా. ఆడపిల్ల విషయంలో ఈడేరడం. ఇంతకంటె స్పష్టంగా ఒక భాష తన గుట్టు చెప్పుకోగలదా?

నాటకంలో పెద్దమనిషి రామప్పంతులు. వ్యాజ్యాలు నడిపేవాడు, నలుగురికీ మధ్యవర్తి. మీనాక్షిని ఆశపెట్టి వంచించినవాడు. ఆయన మాటల్లో నీతి ఎప్పుడూ తప్పదు. గిరీశం మరీ గట్టివాడు. అతను పూటకూళ్ళమ్మ కూడు తిని, ఆమె డబ్బు వాడుకుని, మధురవాణిని ఉంచుకుని, వితంతు వివాహం మీదా వేశ్యల సమస్య మీదా ఉపన్యాసాలిస్తాడు. అది సంస్కరణ ఊపులో ఉన్న కాలం. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. సానిమేళాలు మానాలని మద్రాసులో అర్జీలు 1893లో. అంటే గిరీశం నోట ఉన్నవి కొత్త మర్యాద మాటలు, రామప్పంతులు నోట ఉన్నవి పాత మర్యాద మాటలు. ఇద్దరి ప్రయోజనమూ ఒకటే. ఇక్కడ మన సమావేశాల్లో మనం వాడే ‘డీసెంట్ ఫ్యామిలీ’, ‘మంచి సర్కిల్’, ‘వెల్ సెటిల్డ్’ అనేవి ఏ కోవలోకి వస్తాయో పాఠకులే చూసుకోవాలి.

డబ్లిన్‌లో పుట్టిన బెర్నార్డ్ షా తన ‘పిగ్మేలియన్’లో చెత్తబండి తోలే డూలిటిల్ చేత, నీతి అనేది మధ్యతరగతివారు కొనుక్కోగల సరుకు, నాబోటివాడి తాహతుకు మించింది అని అర్థం వచ్చేట్టు వాదింపజేశాడు. లండన్ వారు 1914లో దానికి కడుపుబ్బ నవ్వారు. చాలా తెలివైన వాదన. కాని మధురవాణి వాదన దానికంటె ఒక మెట్టు పైన ఉందని నేననుకుంటాను. డూలిటిల్ నీతి నాకు అందదు అంటాడు. మధురవాణి నీతి మాటల్నే తీసుకుని తిరగేస్తుంది.

చెడిపోవడం అనే మాట ఉంది కదా. తెలుగులో ఆడది చెడిపోయింది అంటే అర్థం ఒక్కటే. మగవాడు చెడిపోయాడంటే పేకాట ఆడి పొలం అమ్ముకున్నాడని. ఆఖరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. సానులు గుమ్మం తొక్కరాని ఇల్లు అది, వేషం లేకపోతే లోపలికి రానివ్వరు. ఆ పెద్దమనిషి నిజంగా పెద్దమనిషే. లుబ్ధావధాన్లు మీద వచ్చిన ఖూనీ కేసులో నిజం తెలుసుకోవడానికి ఆమె సాయం కావాలి. ఆమె అడిగిన ప్రతిఫలం ఒక ముద్దు. చాలాసేపు తర్కించి, ఆయన చివరికి ఒప్పుకోబోతాడు. అప్పుడు ఆమె వద్దంటుంది. ఇంకా చెడని మగవాణ్ణి చెడపరాదని తన తల్లి నియమం పెట్టిందంటుంది.

మా గదిలో ఈ చోటు చదువుతున్నప్పుడు అందరూ నవ్వారు, ఆ తరవాత నిశ్శబ్దమైపోయారు. చెడు అనే క్రియను ఆడవాళ్ళకు వాడే అర్థంలోనే ఒక మగవాడికి, అదీ ఊళ్ళోకెల్లా నీతిమంతుడికి, ఒక సాని వాడింది. చెడగొట్టేది తనే అన్న లోకాభిప్రాయాన్ని కాదనలేదు, ఒప్పుకుంది. ఒప్పుకుని, చెడగొట్టకుండా ఉండే అధికారం కూడా తనదేనంది. సౌజన్యారావుకు శీలం ఆ రాత్రి మిగిలిందంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఈ పని చెయ్యడానికి ఆమె ‘సాని’ అయి ఉండాలి. ‘కళాకారిణి’ని చేశామా, ఒక కళాకారిణి ఒక వకీలును మన్నించింది, అంతే. మొదటి కూర్పులో కంటె రెండో కూర్పులో మధురవాణిని గురజాడవారు చాలా పెంచారని అందరూ చెప్పేదే. పెంచిందల్లా ఇట్లాటి చోట్లకోసమని నాకు తోస్తుంది. 1955 సినిమాలో సావిత్రిని చూసి మధురవాణిని తెలుసుకున్నవాళ్ళం మనలో చాలామందిమి. వాళ్ళు మళ్ళీ ఒకసారి పుస్తకం తీసి చూడాలి.

అన్నయ్యగారి జాబితాలో లేని మరో మాట చెబుతాను. అది తిట్టు కాదు. ‘అది’ అనే మాటే.

ఇంగ్లీషులో రాణీ అయినా, రాళ్ళు మోసే ఆమె అయినా ‘షీ’యే. తెలుగులో నోరు తెరిచేలోగా మనిషిని తూచి మెట్టు మీద నిలబెట్టాలి. ఆయన, అతను, వాడు. ఆవిడ, ఆమె, అది. ఆఖరి మెట్టు మీద ఉన్న ఆడదానికీ కుర్చీకీ మేకకూ తేడా లేదు. కన్యాశుల్కంలో మగవాళ్ళు మధురవాణి ఎదుట లేనప్పుడు ఆమెను ఏమంటారో గమనించండి. అదే మాట తండ్రి కూతుర్నీ, మొగుడు పెళ్ళాన్నీ అంటాడు. ప్రేమా, చులకనా ఒకే సర్వనామంలో ఉన్నాయి. ఏది ఎప్పుడో చెప్పడం కష్టం. మా అమ్మ నన్ను అది అంటుంది, నాకు హాయిగా ఉంటుంది. మొన్న వీడియోలో మాట్లాడుతూ, “ఇవాళ అది రాలేదే, అంట్లన్నీ అట్లాగే ఉన్నాయి” అంది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. ఆమెకు పేరుంది, నాకంటె పదేళ్ళు పెద్ద. ఇన్నాళ్ళూ నాకు అది వినపడలేదు. మధురవాణి పాత్ర నెల రోజులు చదివాక వినపడింది. అమ్మతో ఏమీ అనలేదు. అనడానికి నాకేం హక్కుందో తేలలేదు, ఏడేళ్ళ క్రితం వరకూ నేనూ అట్లాగే అనేదాన్ని.

నాటకాన్ని ఇంగ్లీషులోకి మార్చినా, తెలుగులోనే మర్యాదగా మార్చినా ముందుగా పోయేవి ఈ మెట్లు. అసిరిగాడు అనే పేరులో ఉన్న ‘గాడు’ పోతుంది, పంతులుగారిలోని ‘గారు’ పోతుంది. అందరూ ఒకే నేల మీద నిలబడి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. అట్లా ఎన్నడూ లేదు.

గురజాడవారి మీద నాకున్న ఫిర్యాదు కూడా ఒకటి రాయాలి. బుచ్చమ్మకు ఆయన మాటలు చాలా తక్కువ ఇచ్చారు. ఆమెను గురించి అందరూ మాట్లాడతారు. తండ్రి అమ్మాడు, గిరీశం లేవదీసుకుపోయాడు, చివరకు సౌజన్యారావు పూనా వితంతు శరణాలయానికి పంపి చదివించాలని నిర్ణయించాడు. మంచి నిర్ణయమే. కాని ఆమెను అడిగినట్టు నాటకంలో మనకు కనపడదు. గిరీశం ఓడిపోయాడని మనం సంతోషించి లేచి వెళ్ళిపోతాం.

ఈ సంగతి నా వార్డులో పనిచేసే ఒక ఐరిష్ నర్సుకు టీ తాగుతూ చెప్పాను. కథంతా విని ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, ఆ శరణాలయంలో వాళ్ళను ఏమని పిలిచేవారని. ఈ దేశంలో మాగ్డలీన్ లాండ్రీలని ఉండేవి. పెళ్ళికాకుండా తల్లులైనవాళ్ళను, అవుతారని భయపడ్డవాళ్ళను, ఊరికే బీదవాళ్ళను కూడా అక్కడ పెట్టి జీతం లేకుండా బట్టలుతికించేవారు. ఆఖరుది డబ్లిన్‌లో 1996లో గాని మూతపడలేదు. 2013లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ లోపల ఉన్నవాళ్ళను ‘పెనిటెంట్లు’ అనేవారు, అంటే పాపానికి పశ్చాత్తాపపడేవారు అని. తిట్టు కాదు, చాలా పవిత్రమైన మాట. పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డ చట్టం కంట్లో అక్రమ సంతానం, 1987లో చట్టం మార్చేదాకా. పూనా శరణాలయాలు ఇట్లాటివి కావు, అక్కడ చదువు చెప్పేవారు, కొందరి బతుకులు నిజంగా బాగుపడ్డాయి. రెంటినీ ఒక గాటన కట్టను. అయినా ఆ నర్సు ప్రశ్న నన్ను వదలలేదు. తాళం వేసిన చోటికి మనిషిని పంపేటప్పుడు ముందు ఒక మంచి మాట తయారుచేసుకుంటారని ఆవిడకు తెలుసు. వాళ్ళ మేనత్త వల్ల తెలుసు.

మూడో ఆదివారం అన్నయ్యగారితో ఇదంతా చెప్పాను. ఆయన విన్నారు. జాబితా జేబులో పెట్టుకున్నారు. “అయితే పిల్లలేం చెయ్యాలమ్మా?” అన్నారు. అడగవలసిన ప్రశ్నే. తేల్చుకున్నది ఇది: మాటలు ఉన్నవి ఉన్నట్టే చదువుతాం. చదివిన తరవాత అరగంట, వినదలుచుకున్న పిల్లలకు, పదేళ్ళు దాటినవారికి, ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చెబుతాం. వెధవ, సాని, శుల్కం, పెద్దమనిషి. ఏడేళ్ళవాళ్ళకు రంగుపెన్సిళ్ళే. మావాడికి మాత్రం ఇప్పటికే తెలిసిపోయింది గనక వాడు ముందు వరసలో కూచుంటానంటున్నాడు. జాకెట్ మరిచిపోతే వాణ్ణి నేనిప్పుడు ఏమనాలో ఇంకా వెతుకుతున్నాను. ‘అల్లరివాడా’ అని చూశాను, వాడికి నవ్వొచ్చింది.

వచ్చే నెల రెండో ఆదివారం మధురవాణి ఇంట్లో పేకాట రంగం చదువుతాం. పోలిశెట్టి పాత్రకు ఇంకా మనిషి దొరకలేదు. గొంతు గట్టిగా ఉండి, పేకముక్క పట్టుకోవడం వచ్చినవారెవరైనా సరే రావచ్చు.